మొదటి కుర్చీ

మట్టల ఆదివారం పూజ అయ్యాక ఉపదేశి మా గేటు ముందు బండి ఆపి, దిగకుండానే పిలిచాడు. ఉపదేశి అంటే మా గుడిలో ఫాదర్‌గారి తర్వాత అన్నీ చూసుకునే మనిషి. పాట ఎత్తుకునేదీ ఆయనే, గంట తాడు తెగితే ముడి వేసేదీ ఆయనే.

“టీచరమ్మా, ఈసారి గురువారం మొదటి కుర్చీల నువ్వు కూసోవాలె. ఫాదర్ చెప్పమన్నడు.”

“నేనెందుకన్నా? పెద్దోళ్ళు లేరా?”

“ఇప్పుడు ఆడోళ్ళను గూడ కూసోబెడుతున్నరు గద. అదీగాక ఆ కుర్చీ మీ ఇంటిదేనాయె.”

అంతే, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. నేను చేతిలో ఈతమట్టతో అక్కడే నిలబడ్డాను. ఆ కుర్చీ మా ఇంటిదని ఊళ్ళో అందరికీ గుర్తుంది. అందులో మా మామయ్య చివరిసారి కూర్చున్నప్పుడు ఏం జరిగిందో కూడా గుర్తుంది. అయినా అడిగారంటే ప్రేమతోనే అయ్యుంటుంది, కానీ నాకు మొదట వచ్చింది కోపమే.

మా గుళ్ళ సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. శుభ శుక్రవారానికి ముందు రోజు సాయంత్రం పూజలో ఫాదర్‌గారు నడుముకు తువ్వాలు చుట్టుకుని పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు. ఇది అన్నిచోట్లా ఉన్నదే. టేకులపల్లి దాటి అడవి అంచున ఉన్న మా ఊళ్ళో దీనికి ఇంకో రివాజు తోడైంది. మొదటి కుర్చీలో కూర్చున్న మనిషి కాలు వెంటనే ఇవ్వకూడదు. ఫాదర్ వంగగానే, అయ్యో మీరు నా కాలు పట్టుకోవడమేమిటి అన్నట్టు ఒకసారి వెనక్కి లాక్కోవాలి. ఆ తర్వాతే ఇవ్వాలి. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు గానీ, ఆ లాక్కోవడం లేకపోతే మా జనానికి పూజ జరిగినట్టే ఉండదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ఆ కుర్చీ మా మామయ్యది. ఫారెస్టులో వాచర్‌గా చేసి రిటైరైన మనిషి. పొడుగు, తెల్ల గడ్డం, మెడ దాకా పెట్టిన చొక్కా బొత్తాలు, భుజం మీద గళ్ళ తువ్వాలు. ఏడాదంతా గుడిలో వెనక తలుపు దగ్గర నిలబడి, ప్రసంగం సగంలో బయటికి వెళ్ళి చుట్ట కాల్చుకొచ్చే మనిషే, ఆ ఒక్క సాయంత్రం అందరికంటే ముందొచ్చి కూర్చునేవాడు. కాలు లాక్కోవడంలో ఆయనను మించినవాడు లేడు. ఫాదర్ వేళ్ళు తగలగానే నిప్పు తగిలినట్టు అదిరిపడి, కాలు కుర్చీ కిందికి లాగేసి, కళ్ళు పెద్దవి చేసేవాడు. చిన్నపిల్లలు ఆ కాస్త కోసమే నిద్ర ఆపుకుని కూర్చునేవారు. ఒకసారి మరీ గట్టిగా లాగి కుర్చీతో సహా వెనక్కి పడబోతే పక్కవాళ్ళు పట్టుకున్నారు. ఆ ఏడాదంతా చెప్పుకుని నవ్వారు.

ఇంకో తమాషా ఏమిటంటే, కడిగించుకోబోయే పన్నెండు మందీ ఇళ్ళ దగ్గర కాళ్ళు తోముకునే వచ్చేవారు. ఫాదర్ చేతికి మట్టి తగిలితే పరువు పోదూ. మా మామయ్య అయితే పొద్దుటి నుంచే ఇటుకముక్క పట్టుకుని నూతి గట్టు మీద కూర్చునేవాడు. మడమలు తోమి, గోళ్ళు తీసుకుని, కొబ్బరినూనె రాసుకునేవాడు. పాత ఫాదర్‌గారు తువ్వాలుతో తుడుస్తూ, “నాకు కడగడానికి ఏమీ మిగల్చలేదు పెద్దాయనా,” అనేవారు. దానికి మామయ్య మురిసిపోయేవాడు.

ఆయన మనిషిని ముఖంలో చూసేవాడు కాదు, కాళ్ళల్లో చూసేవాడు. అడవిలో అడుగులు చూసీ చూసీ అలవాటైందని చెప్పుకునేవాడు. నా పెళ్ళిచూపుల్లో నేను టీ ఇస్తుంటే నా ముఖం చూడకుండా కిందికే చూస్తూ, “నడిచే పిల్లే,” అన్నాడు. మా అమ్మ కంగారుపడి, పిల్లకు నడవడం రాకపోవడమేమిటి అని చాలా రోజులు గొణిగింది. ఎవరొచ్చినా వెళ్ళాక ఒక తీర్పు ఉండేది. “వీని మడమ నేలకు ఆనది, కొలువుల నిలవడు.” ఆ మనిషి ఇప్పటికీ అదే కొలువులో ఉన్నాడు. ఆయన తీర్పులు సగం తప్పయ్యేవి. ఆ మాట ఎత్తితే, “వాడు మొన్న కొత్త చెప్పులేసుకున్నడు, సరిగ కానరాలే,” అనేవాడు.

అంతలా కాళ్ళను చూసే మనిషికి తన కాలిలో ముల్లు దిగితే తెలియలేదు. షుగర్ ఎప్పటి నుంచో ఉంది. అరికాలికి స్పర్శ పోయిందని మాకు తెలిసేసరికి, కుడి పాదం కింద ముల్లు దిగి, చీము పట్టి, చెప్పు తడిసింది. ఖమ్మం తీసుకెళ్తే డాక్టరు కోసి, శుభ్రం చేసి, రోజూ కట్టు మార్చాలని చెప్పి పంపించాడు.

మా ఆయన భద్రాచలం బస్సులో కండక్టరు. మొదటి రోజు తనే కూర్చున్నాడు. కట్టు విప్పగానే బయటికి పరుగెత్తి చెట్టు మొదట్లో కక్కుకున్నాడు. తర్వాత ఆయనకు రోజూ పొద్దుటి డ్యూటీలే పడ్డాయి. నేను అంగన్‌వాడీ టీచర్ని, ఊళ్ళో సగం మంది పిల్లల ముడ్లు కడిగిన చేతులు నావి, ఇదేం పెద్ద పని అనుకున్నాను. పిల్లలు ఎవరు కడుగుతున్నారో పట్టించుకోరని, పెద్దవాళ్ళు పట్టించుకుంటారని నాకు తట్టలేదు.

నా వంతు వచ్చిన మొదటిరోజు నేను బేసిన్ పెట్టుకుని కింద కూర్చుని, “కాలు ఇయ్యండి మామయ్యా,” అన్నాను. ఆయన గబుక్కున కాలు మంచం కిందికి లాక్కున్నాడు. అచ్చం గుడిలో చేసినట్టే. నాకు నవ్వొచ్చింది.

“ఇది గుడి గాదు మామయ్యా, ఇయ్యండి.”

ఆయన నవ్వలేదు. “వద్దు బిడ్డా. నేను చేసుకుంట. నువ్వు కోడలివి.”

“మీకు వంగొస్తదా? అరికాలు మీకు కనబడ్తదా?”

చివరికి భుజం మీది తువ్వాలు తీసి ముఖం మీద కప్పుకుని, కాలు ముందుకు చాపి, “జల్దీ కానీ,” అన్నాడు.

అప్పటి నుంచి రోజూ అంతే. నేను కింద కూర్చోగానే ఒకసారి కాలు వెనక్కి పోయేది, తువ్వాలు ముఖం మీదికి వచ్చేది, ‘జల్దీ కానీ’ వినిపించేది, కాలు వచ్చేది. కట్టు విప్పుతున్నంతసేపూ తువ్వాలు కింది నుంచి ఊరి కబుర్లు మాట్లాడేవాడు. మామూలుగా మితంగా మాట్లాడే మనిషి, ఆ గుడ్డ కింద మాత్రం ఆపేవాడు కాదు. కరెంటు బిల్లు, మిర్చి ధర, “గోదారి ఎంత ఉన్నదంట?” అని ఎండాకాలంలో కూడా. కట్టు అయిపోగానే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఏమీ జరగనట్టు, “టీ పెడ్తవా?” అనేవాడు. అది అడిగేటప్పుడు కూడా గోడ వైపు చూసేవాడు. రోజంతా నా కళ్ళల్లోకి చూసేవాడు కాదు.

పుండు వాసన గురించి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇది అబద్ధమవుతుంది. చేతులకు అలవాటైంది గానీ ముక్కుకు కాలేదు. బేసిన్ పట్టుకుని లోపలికి వెళ్ళే ముందు ముక్కు కింద జలుబు బామ్ దట్టంగా రాసుకునేదాన్ని. నాలుగో రోజో ఐదో రోజో తువ్వాలు కింది నుంచి అడిగాడు.

“జలుబు చేసిందా బిడ్డా?”

“అవ్ మామయ్యా.”

మరునాడు మళ్ళీ అడిగాడు. ఆ మరునాడూ అడిగాడు. నేను ప్రతిసారీ అవ్ అన్నాను. ఒక మనిషికి అన్ని రోజులు జలుబు ఉండదని ఆయనకు తెలుసు. తెలుసునని నాకు తెలుసు. అయినా ఒక సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వస్తూ జలుబు మాత్రలు తెచ్చాడు. “నాయిన ఫోన్ చేసిండు. నీకు తగ్గుతలేదంట గద,” అన్నాడు. ఆ మాత్రలు బియ్యం డబ్బా వెనక పెట్టి చాలాసేపు వంటింట్లోనే ఉండిపోయాను. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

మంచి రోజులు లేవని కాదు. ఒక రోజు తువ్వాలు కింది నుంచి ఎలుగుబంటి కథ చెప్పాడు. ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఎలుగుబంటి వెంటపడితే చెట్టెక్కాడట. పైన కొమ్మ మీద అప్పటికే ఆయన పై ఆఫీసరు కూర్చుని ఉన్నాడట. “నమస్తే సార్ అన్న. ఆయన రిపోర్టేదిరా అన్నడు,” అన్నాడు. నాకు నవ్వాగక చేతిలో దూది కింద పడింది. ఆయనా నవ్వాడు, నోటి దగ్గర తువ్వాలు ఎగిరెగిరి పడింది. ఆ రోజు బామ్ రాసుకోవడం మరిచిపోయానని తర్వాత గుర్తొచ్చింది.

చెడ్డ రోజులూ ఉన్నాయి. సెంటర్‌కు సూపర్‌వైజర్ వస్తుందన్న రోజు పొద్దున కట్టు విప్పుతుంటే ఆయన, “దేవుడు నన్ను మర్సిపోయిండు బిడ్డా, యాదికొస్తె బాగుండు,” అన్నాడు. “ఆయన మర్సిపోతె నేనేం జెయ్యాలె మామయ్యా,” అన్నాను, బేసిన్ నేలకు గట్టిగా కొట్టి. తువ్వాలు కింద మాటలు ఆగిపోయాయి. ఆ వచ్చిన ఆదివారమే ఫాదర్‌గారు ప్రసంగంలో, సేవ అంటే ఏమిటో మన మధ్యనే ఉన్న ఒక కోడలిని చూసి నేర్చుకోవాలన్నారు. ఆడవాళ్ళ వరుసలన్నీ నా వైపు తిరిగాయి. పూజ అయ్యాక ఒకామె నా చేయి పట్టుకుని కళ్ళకద్దుకుంది కూడా. నేల చీలితే దిగిపోదామనిపించింది. ఇంటికి నడుస్తుంటే మామయ్య కర్ర ఆపి, నా కాళ్ళ వైపు చూస్తూ, “పొగిడినప్పుడు పొగిడించుకోవాలె బిడ్డా. నువ్వు చేస్తనే ఉన్నవు గద,” అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడని అర్థమై ఇంకా సిగ్గేసింది.

పుండు మెల్లగా మానుతూ వచ్చింది. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సుకాలం సగానికి వచ్చేసరికి రూపాయి బిళ్ళంత మిగిలింది. ఫాదర్‌గారే ఇంటికొచ్చి, గురువారం మొదటి కుర్చీకి రావాలని మామయ్యను పిలిచారు.

“కట్టు ఉన్నది ఫాదర్,” అన్నాడు మామయ్య.

“కట్టుతోనే రండి. పైన రెండు చుక్కలు చల్లుతాను.”

“లేకపోతే ఎడమ కాలు ఇయ్యండి మామయ్యా,” అన్నాను నేను.

ఆయన మా ఇద్దరినీ పిచ్చివాళ్ళను చూసినట్టు చూశాడు. “కుడికాలే ఇయ్యాలె. కడిగిన కాలు ఇయ్యాలె,” అన్నాడు. ఆ కుర్చీ ఒక్కటే ఆయనకు మిగిలింది. అడవి పోయింది, నడక పోయింది, చుట్ట మాన్పించేశాం. ఆ సాయంత్రం ఊరి ముందు ఆయన కాలు శుభ్రంగా ఉండాలి, అంతే.

గురువారం పొద్దున నేను కాగులో నీళ్ళు పెట్టి, పొయ్యి మీద మరుగుతుండగానే సెంటర్‌కు వెళ్ళాను. వచ్చాక కట్టు మార్చి, స్నానం చేయించి, గుడికి తయారు చేద్దామని. మధ్యాహ్నం వచ్చేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. కుడికాలికి తనే కట్టు కట్టుకున్నాడు, వంకరటింకరగా. గది అంతా డెటాల్ వాసన.

“నేనే కడుక్కున్న బిడ్డా. ఈ ఒక్కరోజు నీకు సెలవు,” అన్నాడు. చాలా రోజుల తర్వాత నా ముఖంలోకి చూశాడు.

ఆ కట్టు విప్పి చూడాల్సింది. నాకు సెలవన్న మాట తియ్యగా వినబడింది. మంచి చీర కట్టుకుని, తీరిగ్గా తల దువ్వుకున్నాను.

గుడిలో మొదటి కుర్చీలో కూర్చుని తనే తంటాలుపడి వంగి కట్టు విప్పుకున్నాడు. ఫాదర్‌గారు పళ్ళెం జరిపి మోకరించి చేయి చాపగానే కాలు వెనక్కి లాగాడు, కళ్ళు పెద్దవి చేశాడు. పిల్లలు కిలకిలమన్నారు. తర్వాత ఠీవిగా కాలు ఇచ్చాడు. ఫాదర్ నీళ్ళు పోశారు. తెల్ల తువ్వాలుతో ఒత్తి తుడిచారు. తువ్వాలుతో పాటు పాదం మీది తోలు ఊడొచ్చింది.

ఆయనకు అప్పటికీ తెలియలేదు. నొప్పి లేదు కదా. ఫాదర్ ముఖం చూసి, ఆ తర్వాత జనం ముఖాలు చూశాడు. అందరూ తన కాలినే చూస్తున్నారు. కాగులో మరిగిన నీళ్ళు బకెట్‌లో పోసుకుని, అందులో డెటాల్ కలిపి, వాసన పూర్తిగా పోవాలని చాలాసేపు కాలు అందులోనే ఉంచుకున్నాడని తర్వాత తెలిసింది. చన్నీళ్ళు కలిపితే మురికి వదలదనుకున్నాడట. ఎంత వేడో చెప్పడానికి ఆ కాలికి నోరు లేదు.

పాట ఆగిపోయింది. మామయ్య కిందికి చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి, గుడి నిండా జనం ముందు, ముఖం మీద కప్పుకున్నాడు.

నేను ఎలా వెళ్ళానో తెలియదు. ఫాదర్ పక్కన కూర్చుని ఆ కాలు ఒళ్ళోకి తీసుకున్నాను. మంచి చీర తడిసింది. తువ్వాలు కింది నుంచి మెల్లగా వినిపించింది.

“నువ్వేనా బిడ్డా?”

“అవ్ మామయ్యా.”

“జలుబు తగ్గింది నీకు,” అన్నాడు. “బామ్ వాసన వస్తలేదు.”

ఖమ్మం డాక్టరు నన్ను గట్టిగానే కోప్పడ్డాడు. ఇంట్లో ఈయన్ని చూసుకునేవాళ్ళు ఎవరూ లేరా అన్నాడు. మంచం మీది నుంచి మామయ్య, “చూస్తది సార్. నేనే చూడనియ్యలే,” అన్నాడు. పాదం తీసేశారు. ఇంటికొచ్చాక కట్టు మార్చేటప్పుడు ఇక లాక్కోవడానికి ఏమీ లేదు, అయినా మోకాలు ఒకసారి వెనక్కి కదిలేది. బామ్ రాసుకోవడం మానేశాను. ఆయన జలుబు గురించి అడగడం మానేశాడు. వానాకాలంలో పోయాడు. గోదావరి నిండుగా ఉందని మా ఆయన వచ్చి చెప్పాడు గానీ, వినడానికి ఆయన లేడు.

ఊళ్ళో అందరూ, ఆయనను నువ్వు ఎంత బాగా చూసుకున్నావమ్మా అంటారు. కాదని చెప్తే వినయమనుకుంటారు. అందుకే చెప్పడం మానేశాను. ఉపదేశికి కూడా చివరికి సరే అనే కబురు పంపాను.

మొన్న గురువారం పొద్దున నూతి గట్టు మీద కూర్చుని ఇటుకముక్కతో కాళ్ళు తోముకున్నాను, చన్నీళ్ళతో. మడమలు పగిలి ఉన్నాయి, ఎంత తోమినా నలుపు పోలేదు. సాయంత్రం మొదటి కుర్చీలో కూర్చున్నాను. కొత్త ఫాదర్‌గారు చిన్నవాడు, మా తమ్ముడి వయసు. తువ్వాలు చుట్టుకుని వచ్చి నా ముందు మోకరించి, చేతులు చాపారు.

కాలు వెనక్కి లాక్కున్నాను. జనం చిరునవ్వు నవ్వారు. రివాజే కదా. ఫాదర్ కూడా నవ్వి, చేతులు అలాగే పెట్టుకుని ఎదురుచూశారు. ఇప్పుడు ఇవ్వాలి. నాకు కాలు రాలేదు. ఆ పగిలిన మడమ, ఆ నలుపు, ఇంకో మనిషి చేతుల్లోకి, ఇంతమంది ముందు. మామయ్య ఎన్ని రోజులు నా ముందు కాలు చాపాడో అన్ని రోజులూ ఒక్కసారే గుర్తొచ్చాయి. పక్క కుర్చీలోని ముసలాయన, “ఇయ్యి బిడ్డా,” అన్నాడు మెల్లగా.

కొంగు తీసి ముఖం మీద కప్పుకున్నాను. లోపల చీకటిగా, వెచ్చగా ఉంది. ఎవరూ కనబడరు. కాలు ముందుకు చాపాను.

“జల్దీ కానియ్యండి ఫాదర్,” అన్నాను.